కాసులపేరుకి రావాల్సిన మాట

థాంక్స్ చెప్పడం చేతకాని మనుషుల మీద నాకున్న కోపం ఈనాటిది కాదు. నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఏ సభ జరిగినా చివర్లో వందన సమర్పణ నాకే అంటగడతారు. అప్పటికి ముఖ్య అతిథి కారెక్కేసి ఉంటాడు. పిల్లలు బిస్కెట్ పాకెట్ల కోసం తోసుకుంటూ ఉంటారు. శామియానా వాళ్ళు కుర్చీలు మడుస్తూ ఉంటారు. నేను మైకు ముందు నిలబడి ఆ మడిచే కుర్చీలకే కృతజ్ఞతలు చెప్తాను. మైకు సెట్టు అతనికీ, టీలు పోసినావిడకీ, గేటు దగ్గర ముగ్గు వేసిన ఆయాకీ, ఎవరు ఏ పని చేశారో చెప్పి మరీ చెప్తాను. మా హెడ్‌మాస్టరు గారు వాచీ చూసుకుంటారు. చూసుకోనీ. ఆ ఒక్క మాట అందాల్సిన మనిషికి అందకపోతే ఏమవుతుందో ఆయన చూడలేదు, నేను మా ఇంట్లో చూశాను.

మాది బందర్లో చిలకలపూడి. రోల్డుగోల్డు పనికి పేరున్న పేట. మా వీధిలో ఏ నగా ఒక్క ఇంట్లోనే తయారవదు. ఒక ఇంట్లో రేకు తీస్తారు, ఇంకో ఇంట్లో అచ్చు కొడతారు, మరో ఇంట్లో అతుకులు పెడతారు, రాళ్ళు అంటించేది ఆడవాళ్ళు, మెరుగు పెట్టేది వీధి చివరి ఇంటివాళ్ళు. నగ ఇల్లిల్లూ తిరిగి పూర్తయి, అట్టపెట్టెలో పడి ఊళ్ళ మీదికి పోతుంది. అందుకే మా దగ్గర ఎవరూ ‘ఇది నేను చేశాను’ అనరు. సాయంత్రం పూట మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని, ఒకరి పని ఒకరు తిప్పి తిప్పి చూసి వంకలు పెట్టుకుంటారు. వంక దొరక్కపోతే ఏమీ అనకుండా పక్కవాడి చేతికిస్తారు. ఆ ఏమీ అనకపోవడమే మా వీధిలో మెప్పు.

నాన్న అచ్చుల పనివాడు. మిగతా పనులూ వచ్చు గానీ, అచ్చు చెక్కడంలో ఆయన చెయ్యి వేరు. వినాయకుడి కళ్ళూ, నెమలి మెడా, మామిడి పిందె వంపూ ఆయన ఇనుము మీద తీస్తుంటే మా ఎదురింటి మావయ్య పని మానేసి వచ్చి పక్కన కూర్చునేవాడు. ఆయన మాకు చుట్టమేం కాదు, వీధి వరసకి మావయ్య. వంకలు పెట్టడంలో మాత్రం ఆయన్ని మించినవాడు పేటలో లేడు.

తొంభైల మధ్యలో, నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక వేసవి మిట్టమధ్యాహ్నం ఒకావిడ మా గుమ్మం ఎక్కింది. వీధంతా తలుపులు వేసుకుని పడుకుని ఉంది. ఆ వేళే చూసుకుని వచ్చిందని తర్వాత అర్థమైంది. నలభై అయిదేళ్ళుంటాయేమో. నలగని గంజి చీర, చేతిలో గుడ్డసంచి. లోపలికి వస్తూనే తలుపు వెయ్యమంది. మా ఇంటికొచ్చి మా తలుపు వెయ్యమని మాకే చెప్పడం అప్పుడే నాకు నచ్చలేదు.

సంచిలోంచి స్టీలు డబ్బా, డబ్బాలోంచి తువ్వాలు, తువ్వాల్లోంచి కాసులపేరు తీసింది. అసలైన బంగారం. వాళ్ళ అత్తగారిదట. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో పొలాలున్న కుటుంబం వాళ్ళది. పొలం చాలక వాళ్ళాయన దివిసీమలో కోడూరు వైపు చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేశాడు. మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత జబ్బు తగిలి, పెరిగిన రొయ్య పెరిగినట్టే తేలిపోయింది. ఇంక ఈ కాసులపేరు అమ్మక తప్పదు. నెల తిరక్కుండా కొడుకు పెళ్ళి. ఇద్దరు ఆడపడుచులు, ఒకావిడ కాపురం బందర్లోనే.

“వాళ్ళు పెళ్ళిలో ముందు నా మొహం చూడరయ్యా, మెడ చూస్తారు,” అంది.

వాళ్ళమ్మ నగ అమ్ముకున్నామని తెలిస్తే తనని బతికినన్నాళ్ళూ దెప్పుతారని చెప్పింది. అచ్చం ఇలాంటిదే చేసివ్వాలి, ఈ సంగతి ఇంకో ఇంటికి తెలియకూడదు. అదీ ఆవిడ కోరిక.

నాన్న కాసులపేరు చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశాడు. పాతకాలం కంసాలి ఒక్కో కాసూ విడిగా కొట్టాడని, ఏ రెండు లక్ష్మీదేవుల మొహాలూ ఒకలా లేవని మాకు చూపించాడు. ఒకే అచ్చుతో కొడితే కాసులన్నీ ఒకేలా ఉండి ఇట్టే పట్టుబడిపోతుంది. పైగా ఏళ్ళ తరబడి ఒంటికి రాసుకుని అరిగిన నగ. అంటే కొత్త నగకి అరుగుదల కూడా చెయ్యాలి. ఇవన్నీ ఆవిడకి చెప్తుంటే నాన్న మొహం వెలిగిపోతోంది. ఆవిడ మాత్రం నగ వంకే చూస్తూ, ఎప్పటికవుతుందని అడిగింది. ఆ రోజు నాన్న మైనం మీద కాసుల ముద్రలు తీసుకుంటున్నంతసేపూ అక్కడే పీట మీద కూర్చుంది. నగని మా ఇంట్లో వదిలి ఒక్క నిమిషం పక్కకి వెళ్ళలేదు. ఆవిడ భయం ఆవిడది, ఒప్పుకుంటాను. కానీ అంతసేపు కూర్చున్న మనిషి మాలో ఒక్కరిని కూడా పేరేమిటని అడగలేదు.

ఇంకో ఇంటికి తెలియకూడదంటే రేకు దగ్గర్నుంచి మెరుగు దాకా అన్నీ నాన్నే చెయ్యాలి. మా వీధిలో అలా ఎవరూ ఎప్పుడూ చేసి ఉండరు. నాన్నకి జ్వరమని బయట చెప్పాం. తలుపు వేసుకుని ఆ వేసవిలో కుంపటి ముందు కూర్చుంటే చొక్కా పిండితే నీళ్ళు కారేవి. ఒక్కో కాసుకీ అచ్చులో లక్ష్మి మొహం కొంచెం మార్చి చెక్కాడు. అమ్మ చింతపండుతో తోమేది, నేను బ్రష్షుతో మెరుగు పెట్టేదాన్ని. చివర్లో మెత్తటి గుడ్డా, ఇటుక పొడీ పెట్టి అరగదీస్తూ, ఎడమవైపు కాసులు ఎక్కువ అరగాలన్నాడు. ఆ నగ పెట్టుకున్న ముసలావిడ ఎడమచేత్తో పిల్లల్ని ఎత్తుకుని ఉంటుంది కదా అన్నాడు. ఎప్పుడూ చూడని ఆవిడ ఎవర్ని ఏ చంకన ఎత్తుకుందో ఆలోచించి చేసిన పని అది.

పూర్తయిన రోజు నాన్నకి కాలు నిలవలేదు. ఎదురింటి మావయ్యకి చూపించాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయింది. జ్వరమెలా ఉందని మావయ్యే పలకరించడానికొస్తే, నాన్న దుప్పటి కింద ఆ నగ పెట్టుకుని పడుకున్నాడు. మావయ్య వెళ్ళిపోయాక అమ్మా నేనూ నవ్వాం. నాన్న నవ్వలేదు.

ఆవిడ మళ్ళీ మిట్టమధ్యాహ్నమే వచ్చింది. మా గోడ అద్దం ముందు నిలబడి మెడలో వేసుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకుంది. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ బాగుందనలేదు, బాలేదనలేదు. తీసి తువ్వాల్లో చుట్టి డబ్బాలో పెట్టింది. కూలి చేతిలో పెట్టి, పెళ్ళికి పిలవలేనని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. భలేవారే అమ్మగారూ అన్నాడు నాన్న. గుమ్మం దిగేముందు వీధికి అటూ ఇటూ చూసి, కొంగు మెడ చుట్టూ కప్పుకుని వెళ్ళిపోయింది.

“సరిపోయినట్టేనంటావా?” అని నాన్న నన్నడిగాడు.

ఆ ప్రశ్న ఆవిడకి వెయ్యాల్సింది. నాకు ఒళ్ళు మండి, సరిపోకపోతే తీసుకెళ్తుందా అని కసిరాను.

పెళ్ళి గుడివాడలో. పని ఎప్పటికి కావాలో చెప్పేటప్పుడు ముహూర్తం రోజూ, ఊరూ చెప్పిందావిడ. ఆ రోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడివాడ ఫ్యాన్సీ షాపుల్లో నమూనాలు చూపించి రావాలి, తోడు రమ్మన్నాడు. నమూనాల డబ్బా మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. అమ్మ ఆ డబ్బా వంకా, ఆ చొక్కా వంకా చూసింది.

బస్సు దిగాక ఏ షాపుకీ వెళ్ళలేదు. పచ్చతోరణం కనపడ్డ కల్యాణమండపం ముందల్లా ఆగాం. చివరికి ఒక దాని ఎదురుగా సోడాబండి దగ్గర నిలబడి ఉండగా, కారులోంచి ఆవిడ దిగింది. పట్టుచీర మీద కాసులపేరు. ఎండ నేరుగా పడుతోంది. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. అంత ఎండలో కూడా రంగు బయటపడలేదు చూశావా అన్నాడు. చూశాం కదా, పోదాం అన్నాను. ఆయన అప్పటికే రోడ్డు దాటుతున్నాడు.

మన పెళ్ళిళ్ళలో గుమ్మం దగ్గర ఎవర్నీ ఆపరు. పన్నీరు చల్లి, గంధం రాసి లోపలికి పంపేస్తారు. వెనక వరసలో కూర్చున్నాం. కాసేపటికి ఆవిడ తన ఆడపడుచులతో మా ముందు నుంచే వచ్చింది. పెద్దావిడ ఒక కాసు వేలితో పైకెత్తి, పక్కనున్న వాళ్ళకి చూపిస్తోంది. “మా అమ్మది. ఇలాంటి పని చేసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?” అంది.

ఇలాంటి పని చేసినవాడు ఆవిడకి రెండు కుర్చీల అవతల గంధం రాసుకుని కూర్చుని ఉన్నాడు.

నాన్న మొహం నేను చూశాను. లేచి నిలబడతాడేమోనని భయపడ్డాను. లేవలేదు, కానీ కళ్ళెత్తి నగ వేసుకున్నావిడ వంక చూశాడు. ఆవిడా అప్పుడే మమ్మల్ని చూసింది. ఆ చూపులు గమనించి కాబోలు, పక్కనే ఉన్న ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చి, మర్యాదగానే, ఎవరి తాలూకండీ అని అడిగాడు. నాన్న నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

“కొబ్బరి బొండాలు దింపడానికి వచ్చినవాళ్ళయి ఉంటారు. వెనకాల వంటల దగ్గర భోజనం పెట్టించండి.”

నాన్న లేచి నిలబడి చేతులు జోడించాడు.

“అవునండి. బొండాలు దింపేశామండి,” అన్నాడు.

ఆవిడ గుట్టు ఆయన కాపాడాడు. నగ చేసి ఒకసారి, బొండాల వాడై రెండోసారి. వెనక వంటల దగ్గరికి వెళ్ళకుండా నేనాయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. గుడివాడ బస్టాండులో ఆకలితో నిలబడి, ఆవిణ్ణి నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. రాని తిట్లు కూడా కొన్ని కల్పించి తిట్టాను. బస్సులో కూర్చున్నాక నాన్న ఏమన్నాడో తెలుసా? ఇలాంటి పని చేసేవాళ్ళు ఎక్కడున్నారు అంది కదే, అన్నాడు. ఆ మాటనే మళ్ళీ మళ్ళీ నెమరేసుకుంటున్నాడు. నీకసలు పౌరుషం లేదా అని అడిగేశాను. గూడూరు దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

“నేనే చేశానని టముకు వేయించుకోవాలని కాదమ్మాయ్. ఆ రోజు మనింట్లో అద్దం ముందు నిలబడి, బాగుందయ్యా అని ఒక్క మాట అంటే చాలు. అప్పుడెవరూ లేరు కదా, మనమే కదా ఉన్నాం,” అన్నాడు.

ఆయనకి కావాల్సింది అంతే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఎదురుచూసిందీ అంతే.

ఆ ఏడు కోతలైన తర్వాత ఒక పాలేరు రిక్షాలో బియ్యం బస్తా తెచ్చి మా అరుగు మీద దింపాడు. ఎవరు పంపారంటే చెప్పొద్దన్నారండీ అన్నాడు. మాకు తెలియదా? నేను దాన్ని తిరిగి రిక్షాలోకి ఎక్కించమన్నాను. అమ్మ అడ్డం పడింది. కొత్త బియ్యం, దేశవాళీ, పారబోస్తామా అంది. నాన్న మాత్రం చెప్పులు లేకుండానే పాలేరు వెంట వీధి మలుపు దాకా వెళ్ళి, అమ్మగారు ఏమైనా చెప్పమన్నారా అని అడిగాడు. ఏం చెప్పలేదండీ, బస్తా దింపి వచ్చెయ్యమన్నారన్నాడట. ఆ పూట నేను అన్నం తినలేదు. మర్నాడు తిన్నాను. అన్నం మంచిగానే ఉంది, అది కూడా నాకు కోపమే తెప్పించింది.

ఇంకో ఏడు కూడా బస్తా వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. వచ్చినప్పుడల్లా నాన్న అదే ప్రశ్న వేశాడు, పాలేరు అదే జవాబు చెప్పాడు. నాకు అర్థం కానిదేంటంటే, బస్తా బియ్యం పంపే మనిషికి అందులో ఒక్క మాట వెయ్యడానికి ఏం అడ్డొచ్చింది? బియ్యమైతే ఎవరూ వినరనా? పెట్టిపోతలతో సరిపెట్టెయ్యడం మన వాళ్ళకి బాగా అలవాటు. పురుడు పోసినావిడకి చీర, పెళ్ళిలో వంటవాళ్ళకి పంచెలు, అన్నీ ఇస్తారు. నీ వల్ల నాకు ఈ మేలు జరిగింది అని ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి చెప్పమంటే మాత్రం నాలుక మడత పడుతుంది. చెబితే తగ్గిపోతామని భయం. అయినవాళ్ళ దగ్గర అయినవాళ్ళకి థాంక్స్ ఏంటంటారు, కానివాళ్ళ దగ్గర కూలిచ్చాం కదా అంటారు. ఇంక ఎవరికి చెప్తారు మరి?

తర్వాత మా పని కూడా మారిపోయింది. అచ్చులు మిషన్ల మీద తయారై రావడం మొదలైంది. వన్ గ్రామ్ గోల్డ్ అని బోర్డులు లేచాయి. చేత్తో చెక్కే అచ్చు ఎవరికీ అక్కర్లేదు. నాన్న ఒక షెడ్డులో ప్రెస్ మిషన్ దగ్గర పనికి కుదిరాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇనుము మీద ఇనుము పడే చప్పుడు. ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడి చెవీ మందగించింది. నాకు పెళ్ళై, పక్క వీధిలోనే కాపురం పెట్టాను. స్కూలు అవగానే అమ్మావాళ్ళింటికి వెళ్ళి, ఆ రోజు విశేషాలు నాన్న కుడి చెవిలో అరిచి చెప్పి మా ఇంటికి పోయేదాన్ని. ఆయన ఇంటి పట్టున ఉండిపోయాక కూడా, ఎవరైనా గుడివాడ నుంచి వచ్చామంటే తలెత్తి చూసేవాడు.

ఆ పెళ్ళై పదేళ్ళు దాటిన తర్వాత, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను అమ్మావాళ్ళింట్లో ఉండగా ఆవిడ ఆటో దిగింది. జుట్టు నెరిసింది, కొంచెం వంగింది. అయినా చూడగానే గుర్తుపట్టాను. ఆవిడ ఎప్పటిలాగే నిద్రవేళ చూసుకునే వచ్చింది. కానీ ఆ రోజు కరెంటు పోయి ఉంది. ప్రెస్ మిషన్లన్నీ ఆగి, ఫ్యాన్లు లేక జనమంతా అరుగుల మీదే ఉన్నారు. ఎదురింటి మావయ్య విసనకర్రతో కూర్చుని ఉన్నాడు. ఆవిడ వాళ్ళందర్నీ చూసి, కొంగు లాక్కుని, గబగబా మా గుమ్మం ఎక్కింది. తలుపు వెయ్యబోతే నేను పట్టుకున్నాను. ఉక్కపోతగా ఉందండీ, ఉండనివ్వండి అన్నాను.

సంచిలోంచి కాసులపేరు తీసింది. అంచుల్లో రంగు పోయి రాగి కనపడుతోంది. మనవరాలి బారసాల ఉంది, కొంచెం రంగు పట్టించాలంది. ఆడపడుచులకి ఇప్పటికీ తెలియదట. నాన్న నులకమంచం మీద నుంచి లేచి కూర్చుని, ఆ నగని చూసి, ఆవిణ్ణి చూసి, రండమ్మా రండి అన్నాడు. అంతలో ఆవిడ మంచం పక్కన పీట వేసుకుని, తల వంచి, చాలా చిన్న గొంతుతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నేను దగ్గరే ఉన్నాను కనక విన్నాను. ఆ రోజు ఈ నగ వల్లే నలుగురిలో నిలబడగలిగానని, అప్పుడు ఒక్క మంచిమాట అనలేకపోయానని, పెళ్ళిలో చూసి కూడా ఎవరో బొండాలవాళ్ళన్నానని, అది ఇప్పటికీ గుచ్చుకుంటోందని అంటోంది.

నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, “ఆఁ? రంగా? పోతుందమ్మా, ఇన్నేళ్ళయింది కదా,” అన్నాడు.

ఆవిడ మళ్ళీ చెప్పింది. ఈసారి ఇంకొంచెం చిన్నగా, వీధి వైపు చూసుకుంటూ. నాన్న మళ్ళీ రంగు గురించే సమాధానం చెప్పాడు. ఆవిడ నా వంక తిరిగింది. నీ గొంతు ఆయనకి అలవాటు కదమ్మా, నువ్వు చెప్పు అంది.

“నేను చెప్తే అది నా మాట అవుతుందండీ. గట్టిగా చెప్పండి, ఆయన వింటారు,” అన్నాను.

అమ్మ వంటింటి గుమ్మంలోంచి వద్దన్నట్టు చెయ్యూపింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది. అవతల అరుగు మీద మాటలు ఆగాయి. ఆవిడ ఆడపడుచు ఇల్లు ఇక్కడికి రిక్షా దూరం, ఈ వీధి నగలు అమ్మే షాపులు ఆ ఇంటి పక్కనే. ఆవిడకి అది తెలుసు, నాకూ తెలుసు. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. ఇప్పటికీ కలిగిందని చెప్పను.

ఆవిడ కాసేపు చేతిలో నగ వంక చూసింది. తర్వాత లేచి, మంచానికి అటువైపు వెళ్ళి, నాన్న కుడి చెవి దగ్గరికి వంగింది.

“అన్నయ్యగారూ! ఈ కాసులపేరు చేసింది మీరు! ఆ రోజు నా పరువు నిలబడింది మీ చేతి పని వల్ల!”

వీధి వీధంతా వినపడింది. అప్పటిదాకా ఏమయ్యా అన్న మనిషి అన్నయ్యగారూ అంది. నాన్న కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“అవునమ్మా. నేనే చేశాను,” అన్నాడు. చెవుడొచ్చినవాళ్ళు ఎంత గట్టిగా మాట్లాడతారో అంత గట్టిగా అన్నాడు.

ఎదురింటి మావయ్య విసనకర్ర పక్కన పెట్టి, వీధి దాటి మా ఇంట్లోకి వచ్చాడు. ఎవర్నీ అడక్కుండా ఆవిడ చేతిలోంచి కాసులపేరు తీసుకుని గుమ్మం వెలుతురులో పట్టుకున్నాడు. ఒక్కో కాసూ తిప్పాడు. వెనక వైపు చూశాడు. ఎడమవైపు అరుగుదల దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ఒక్క మాట కూడా అనకుండా, వెనకే వచ్చి నిలబడ్డ ఇంకొకాయన చేతికిచ్చాడు. ఆయన పక్కాయనకిచ్చాడు. నాన్న మంచం మీద కూర్చుని ఆ నగ ఏ చేతిలోంచి ఏ చేతిలోకి వెళ్తుందో కళ్ళతోనే వెంబడించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్ళకి నా గుండెల మీద బరువు దిగిందమ్మా అంది. నాకు మళ్ళీ భగ్గుమంది. నీ బరువు దిగింది తల్లీ, బాగానే ఉంది. వినే చెవులున్నప్పుడు చెప్పి ఉంటే ఆయన ఇన్నేళ్ళు మోసేవాడు కాదు కదా. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆటో దాకా దిగబెట్టాను గానీ అనలేదు. మెడ చుట్టూ కొంగు కప్పుకోకుండా ఆటో ఎక్కింది, అది మాత్రం చూశాను. రంగు పట్టించిన నగ తర్వాత వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడు. ఆడపడుచులకి తెలిసిందో లేదో, తెలిస్తే ఏమన్నారో నాకు తెలియదు.

ఆ మర్నాటి నుంచే మొదలైంది. స్కూలు నుంచి వచ్చి మంచం పక్కన కూర్చోగానే నాన్న కుడి చెవి నా వైపు తిప్పి, “నిన్న ఆవిడ ఏమందే?” అనేవాడు. వారం తర్వాత కూడా నిన్నే. ఏడాది తర్వాత కూడా నిన్నే. విననట్టు అడిగేవాడు గానీ, ఆయనకి ఆ మాట అక్షరం పొల్లుపోకుండా తెలుసు. నేను ఒక పదం మింగితే పట్టుకునేవాడు. ముందు చిరాకు పడ్డాను. ఆ తర్వాత రోజూ చెప్పడం అలవాటైపోయింది. అన్నయ్యగారూ, ఈ కాసులపేరు చేసింది మీరు. ఆ రోజు నా పరువు నిలబడింది మీ చేతి పని వల్ల. ఆవిడ ఒక్కసారి అని చేతులు దులుపుకుంది. ఆవిడంటే గిట్టని నేను, ఆవిడ మాటని ఆవిడ తరఫున రోజూ అరిచి చెప్పాల్సి వచ్చింది. పక్కింటి పిల్లలకి కూడా కంఠతా వచ్చేసింది. ఆ మాట విన్నాక నాన్న ఒక గ్లాసు మజ్జిగ తాగి, గోడ వైపు తిరిగి హాయిగా పడుకునేవాడు. నేను స్కూల్లో తెచ్చుకున్న బెస్టు టీచరు షీల్డు చూపిస్తే తల ఊపి పక్కన పెట్టాడు గానీ, ఈ మాట మాత్రం ఏ రోజుకారోజు కొత్తగా వినేవాడు.

చివరి రోజుల్లో మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఒక సాయంత్రం ఎప్పటిలాగే అడిగాడు, ఎప్పటిలాగే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నువ్వు తిడుతున్నట్టు చెప్తున్నావే. ఆవిడ అలా చెప్పలేదు. సరిగ్గా చెప్పు,” అన్నాడు.

మళ్ళీ చెప్పాను. కాదన్నాడు. గొంతు తగ్గించి మెత్తగా చెప్తే ఆయనకి వినపడలేదు. వినపడేలా పెంచితే కోపం దానంతటదే వచ్చి కూర్చుంది. ఆయన కళ్ళు మూసుకుని, చెవి నా వైపే ఉంచి, ఓపిగ్గా ఎదురుచూస్తూ ఉన్నాడు. ఆయన పోయేదాకా ఆ మాటని ఆవిడ చెప్పినట్టుగా చెప్పడం నాకు చేతకాలేదు.